గాదె, కుండ, రేపు

గృహస్థుడు రేపటి కొరకు ఎంత ధాన్యం దాచుకొనవచ్చును? అపరిగ్రహాన్ని ప్రశంసించిన ధర్మశాస్త్రకారులు ఈ ప్రశ్నను దాటవేయలేదు. మనుస్మృతి చతుర్థాధ్యాయం బ్రాహ్మణ గృహస్థులను వారి ధాన్యసంచయాన్ని బట్టి నాలుగు విధాలుగా పేర్కొన్నది. గాదె నిండ ధాన్యమున్నవాడు కుసూలధాన్యకుడు; కుండెడు గలవాడు కుంభీధాన్యకుడు; మూడు దినాల గ్రాసం గలవాడు త్ర్యహైహికుడు. ‘శ్వః’ అనగా రేపు. ఆ రేపటికి ఏమీ మిగుల్చుకొననివాడు అశ్వస్తనికుడు. ఈ వరుసలో ముందువానికంటె తరువాతివాడే శ్రేష్ఠుడని స్మృతి నిర్ణయం.

అయితే ఆ గాదె ఎంతటిది? వ్యాఖ్యాతలు ఏకీభవించలేదు. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర రచించిన విజ్ఞానేశ్వరుడు కుటుంబానికి 12 దినాలకు చాలినంత అన్నాడు. మనుస్మృతి వ్యాఖ్యాత కుల్లూకభట్టు 3 సంవత్సరాల వరకు వెళ్ళాడు. ఈ అంతరం పాండిత్యవివాదం మాత్రమే కాదు. ఒక వర్షర్తువు విఫలమైతే మొదటి ఇంట పస్తు, రెండవ ఇంట అతిథిపూజ.

రాజునకు అశ్వస్తనవ్రతం వర్తించదు. కోష్ఠాగార ధాన్యంలో సగం జానపదుల ఆపదల కొరకు నిలిపి, తక్కిన సగమే వినియోగించాలని, పాతదాని స్థానంలో క్రొత్తది చేర్చాలని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో విధించాడు. నిజానికి ఉంఛవృత్తితో జీవించేవాడు గింజలు ఏరుకొనుటకైనా ఎవరిదో ఒక పొలం పండవలెను గదా!

వర్షాభావం పరిపాటియైన రాయలసీమలో గృహస్థుని కుసూలం భూగర్భానికి దిగింది. అదే పాతర. గొయ్యి త్రవ్వి, అడుగునా ప్రక్కలా గడ్డి పరచి, జొన్నలు పోసి, పైన మన్నుతో మూసేవారు. గాలి చొరనందున పురుగు పట్టక ధాన్యం ఏండ్ల తరబడి నిలిచేది. తెరచిన వెంటనే దిగితే ఊపిరాడక ప్రాణాపాయం. కనుక లోని చెడుగాలి పోయేదాక వేచి దిగేవారు. కాని పేదవాని ఇంట పాతర ఎక్కడిది? 1876-78 నాటి ధాత కరువు ఈ సీమను అతిదారుణంగా పీడించింది. కరువు పనికి వచ్చిన పురుషునికి దినానికి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని 1877లో రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు.

మహాభారతం ఆశ్వమేధిక పర్వంలో కురుక్షేత్రపు ఉంఛవృత్తి బ్రాహ్మణుని ఇల్లు ఇట్టి కరువునే చవిచూసింది. గాదె లేదు, కుండా లేదు. బహుకష్టంతో దొరికిన ప్రస్థం యవలను పేలపిండి చేసి, అతడు, భార్య, కుమారుడు, కోడలు నాలుగు కుడవాలుగా పంచుకొన్నారు. తినబోవు వేళ అతిథి వచ్చాడు. మొదట గృహస్థు తన భాగమిచ్చాడు. అతిథి ఆకలి తీరలేదు. భార్య ఇచ్చింది, కుమారుడు ఇచ్చాడు, చివరకు కోడలు కూడా ఇచ్చింది. ఆ పిండి రేణువులు సోకి సగం దేహం స్వర్ణమయమైన ముంగిస, మిగిలిన సగం కొరకు యజ్ఞవాటికలన్నీ తిరిగి ధర్మరాజు అశ్వమేధానికి వచ్చింది. అక్కడ అన్నం పర్వతాలుగా పోసి ఉన్నది. ముంగిస అందులో పొరలాడింది. ఒక్క రోమమైనా పసిడి కాలేదు.