పొలాస చదువు, పొలం చదువు

వ్యవసాయ డిగ్రీ చివరి ఏడాదిలో విద్యార్థులు కాలేజీ విడిచి ఊళ్లో మకాం పెట్టి, ఒక్కొక్కరు ఒక్కో రైతు వెంట పొలానికి వెళ్లి నేర్చుకోవాలి. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం అనేది దీని కాగితం పేరు. విద్యార్థుల నోట మాత్రం ‘రావెప్’. ఈ చదువుకు ఒక ఆనవాలు జగిత్యాల పక్కనున్న పొలాస. అక్కడి వ్యవసాయ కళాశాల 2008లో మొదలైంది. ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం అంతకన్నా పాతది.

బోధన, పరిశోధన, విస్తరణ ఒకే గొడుగు కింద ఉండాలన్న ఆలోచన అమెరికా ల్యాండ్ గ్రాంట్ కళాశాలలది. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆ నమూనానే తీసుకుంది. కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ తోడ్పడింది. అయితే గొడుగు ఒకటైనా వరస పాతదే: తరగతిలో అధ్యాపకుడు చెబితే విద్యార్థి రాసుకోవడం, ఊళ్లో అధికారి చెబితే రైతు తలూపడం. డాక్టరు చదువుకు హౌస్ సర్జన్సీ ఉన్నట్టే వ్యవసాయ పట్టాకూ ఊరి అనుభవం ఉండాలన్న వాదన ఈ వరస వల్ల పుట్టిందే. 1992లో రంధావా కమిటీ దాన్ని గట్టిగా సిఫార్సు చేసింది.

మట్టి నమూనా తీయడం పుస్తకంలో అరపేజీ. పొలంలో పదిచోట్ల ‘వి’ ఆకారంలో జానెడు లోతు తవ్వి, మట్టిని కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారేస్తూ అరకిలోకు తేవాలి. గట్టు పక్కన, చెట్టు కింద, పెంటకుప్ప పోసిన చోట తీయకూడదు. పోయినేడు కుప్ప ఎక్కడ పోశారో తెలిసింది రైతుకే. అక్కడ విద్యార్థి అడిగేవాడవుతాడు, రైతు చెప్పేవాడవుతాడు.

ఉల్లికోడూ అంతే. పురుగు సోకిన వరి పిలక ఉల్లికాడలా గొట్టమవుతుంది, దానికి వెన్ను రాదు. బొమ్మలో చూసినవాడు పరీక్ష రాయగలడు. గొట్టాన్ని గోటితో చీల్చినవాడు మడిలో గుర్తుపట్టగలడు. ఈ పురుగుకు పొలాస ఇచ్చిన జవాబు జగిత్యాల సన్నాలు, అంటే జేజీఎల్ 1798. సాంబ మసూరిని కావ్యతో సంకరపరచి దాన్ని తీశారు.

ఊరి పటాన్ని ముగ్గుపిండితో, రంగులతో నేలమీద వేయడం రావెప్‌లో అందరికీ గుర్తుండే ఘట్టం. కాగితం మీది పటాన్ని ఊరివాళ్లు చూసి ఊరుకుంటారు; నేలమీదిదైతే చెరువు తప్పుచోట ఉందని ముసలమ్మ కూడా వేలితో చెరిపి దిద్దుతుంది. ఫొటో కోసమే వేస్తే మాత్రం అది సంక్రాంతి ముగ్గుకన్నా ఎక్కువ కాదు.

2014లో తెలంగాణ కళాశాలలు కొత్త వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందికి వచ్చాయి. 2015లో దేశమంతటా ప్రారంభమైన ‘స్టూడెంట్ రెడీ’లో రావెప్ ఒక భాగమైంది, ఊరి మకాంతో పాటు వ్యవసాయ పరిశ్రమల్లో శిక్షణ కూడా చేరింది.