కొసరు

పరసీమలో కాపురము పెట్టినవారికి మొదట అక్కరకు వచ్చునది బజారు భాష. బేరమాడ నేర్చినగాని సంసారము సాగదు. అట్టి మాటలలో మన పెద్దలు కొత్తగా నేర్వనక్కరలేనిది ఒకటి కలదు. అది కొసరు. చెన్నపురిలో అరవవారు 'కొసురు' అందురు. కన్నడ సీమలో 'కొసరు' అనియే చెల్లును. తూచిన సరకుపై వర్తకుడు విసరి వేయు పిడికెడునకు ఈ పేరు.

ఇది ఔదార్యమని కొందరందురు. మనకట్లు తోచదు. పూర్వము కొలతలలో స్థిరత్వము లేకుండెను. మదరాసు సేరునకు 24 తులములు. ఉత్తరాదిని చెల్లు సేరునకు 80 తులములు. పేరొక్కటే, బరువు వేరు. ఊరు మారిన కుటుంబమునకు ఇది ఎంత చిక్కో ఊహింపవచ్చును. ధాన్యము రాశిపోసి కొలుచుట ఒక పద్ధతి, తలకొట్టి కొలుచుట మరియొకటి. వర్తకుడు తొలి కొలతను 'ఒకటి' అనక 'లాభము' అని, పిమ్మట 'రెండు' అని లెక్కించును. వినుటకు శుభమే, ఆ లాభమెవరిదో కొనువాడు అడుగడు. దండి కొట్టు నేర్పరులు సరేసరి. తక్కెడపై అనుమానమున్న చోట కొసరు పుట్టినది. తగ్గినదేమో యని మనము శంకింతుము. తగ్గలేదని అతడు గుప్పెడు వేయును. ఆ గుప్పెడు వెలయు ముందే ధరలో చేరియుండును.

ఈ కొసరును తలక్రిందులు చేసి, అమ్మకమునకు ముందే ఇచ్చినవాడు మనవాడే యగుట గమనింపదగినది. కృష్ణా మండలము ఎలకుర్రులో 1867లో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును ప్రారంభించిరి. సంగీత సభలలో దానిని ఉచితముగా పంచిపెట్టించిరని ప్రసిద్ధి. గంటలకొలది కూర్చుండి వినువారికి తలనొప్పి రాకమానదు. మందు చేతికందినది, ఫలము అక్కడనే తెలిసినది. ఎరుగని ఊర, మరాఠీ గుజరాతీ వర్తకుల నడుమ, మాటకంటె నమూనాయే మిన్నయని వారు గ్రహించిరి. 1908లో అక్కడనే వారపత్రికగా వెలసిన ఆంధ్రపత్రిక, 1914లో చెన్నపురికి వచ్చి దినపత్రికయైనది. తలనొప్పి మందు ఒక జాతి పత్రికను పోషించినదన్నచో అతిశయోక్తి కాదు.

కొనువారి చిక్కులు మరల హెచ్చినది 1957లో. ఆ ఏప్రిల్ 1వ తేదీన నయాపైసలు వచ్చినవి. లెక్క ప్రకారము అణాకు ఆరుంబావు పైసలు. పావు పైసకు నాణెము లేదు. కావున ప్రభుత్వపు పట్టికలో 1 అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 అని నిర్ణయించిరి. అణా సరకును నాలుగు మారులు విడివిడిగా కొన్నచో 24 పైసలు, ఒక్కమారే కొన్నచో 25! ఈ సూక్ష్మమును మన గృహిణులు చదువకయే కనుగొనిరి. అణాకు 7 పైసలడుగు దుకాణములును లేకపోలేదు. 'నయా' అను మాట 1964లో తొలగినది.

ఆ తొక్కిసలాటలోనే, 1956 నాటి చట్టము ననుసరించి, 1958 మొదలు మెట్రిక్ తూనికలు విడతలుగా వచ్చినవి. 1962 ఏప్రిల్ నుండి అవియే చెల్లునవి. వీసె యనగా 120 తులములు, సుమారు 1,400 గ్రాములు. వీసె ధరకు కిలో అంటగట్టినచో 400 గ్రాములు అంగడివానికి మిగులును. అయినను ఈ మార్పు మేలేయని మా నిశ్చయము. చెన్నపురిలో, బెంగుళూరులో, బరంపురములో, షోలాపురములో కిలో ఒక్కటేయైనది. భాష రాని ఇల్లాలు సయితము రాతిపై ముద్ర చూచి నిలదీయ గలిగినది.

పొట్లములపై పరిమాణము, ధర ముద్రింపవలెనని 1977లో నియమములు వెలువడినవి. ఐనను ధర ప్రక్కన 'స్థానిక పన్నులు అదనము' అను చిన్న అక్షరములు మిగిలినవి. ఆ పన్నెంతో అంగడివాడు చెప్పినదే లెక్క. 1990లో, పన్నులన్నియు కలిసిన గరిష్ఠ ధరనే ముద్రింపవలెనను సవరణ వచ్చుటచే ఆ తగవు చాలవరకు తీరినది. అప్పటికి 1986 నాటి వినియోగదారుల చట్టమును తోడైయున్నది.

కొసరు మాత్రము చావలేదు, అట్టపై అచ్చుపడినది. టీ పొడితో గాజు గ్లాసు, సబ్బుపొడితో బకెట్టు, '20 శాతము అదనము' అను ఎర్రని అక్షరములు. కొంతకాలమునకు ధర మారకయే పొట్లములో గ్రాములు తగ్గును. వెనుకటి తక్కెడవానితో వాదులాడవచ్చును, అలిగి మరియొక అంగడికి పోవచ్చును. అట్టతో వాదులాడుట ఎట్లు?

చెన్నపురి కూరగాయల బజారులలో నేటికిని అడిగినచో సంచిలో కరివేపాకు రెబ్బ పడును. తెలుగు చదువ నేర్వని మన పిల్లలు కొందరు అక్కడ 'కొసరు' అనియే అడుగుచున్నారు. అంగడివారు 'కొసురా?' అని నవ్వి వేయుచున్నారు.