నీళ్లు తోడకుండా నిలబెట్టిన చర్చి

1905 నాటికి దక్షిణ ఇంగ్లండులోని వించెస్టర్ కెథెడ్రల్ తూర్పు భాగం ఒరిగిపోతోంది. గోడలు బీటలు వారి, రాతి ముక్కలు రాలుతుంటే బయటినుంచి దుంగలతో దన్ను పెట్టారు.

లోపమంతా ఏడు వందల ఏళ్ల నాటి పునాదిలో ఉంది. నార్మన్లు 1079లో మొదలుపెట్టిన ఈ చర్చిని పదమూడో శతాబ్దం మొదట్లో బిషప్ గాడ్‌ఫ్రీ డి లూసీ తూర్పు వైపు పొడిగించాడు. అది ఇచెన్ నది లోయ, కొంచెం తవ్వితే చాలు నీళ్లు ఊరతాయి. ఆ ఊటను తోడి లోతుకు దిగే యంత్రాలు అప్పట్లో లేవు. మేస్త్రులు బీచ్ చెట్ల దుంగలను తెప్పలా పరిచి వాటిమీద గోడలు లేపారు. నీళ్లలో మునిగి ఉన్న దుంగ తొందరగా పుచ్చదు కాబట్టి అంతవరకూ వాళ్ల లెక్క సరైనదే. కానీ ఆ దుంగల కింద ఉన్నది పీట్, అంటే కుళ్లిన మొక్కలు పేరుకున్న మెత్తని పొర. బరువు పడితే అది అణుగుతుంది, అదీ అన్నిచోట్లా ఒకేలా కాదు.

గోడ పగిలితే ఎవరికైనా ముందు సిమెంటు పూతే తోస్తుంది. ఇక్కడా పగుళ్లలోకి సిమెంటు పాలు ఎక్కించారు. అయితే ఆర్కిటెక్టు థామస్ జాక్సన్, ఇంజినీరు ఫ్రాన్సిస్ ఫాక్స్ అక్కడితో ఆగలేదు. పీట్ తీసేసి, దాని కింద ఉన్న గట్టి కంకర పొర మీద గోడల్ని నిలబెట్టాలన్నారు. అందుకు గోతులు తవ్వితే నీళ్లు ఉబికి వచ్చాయి. పంపుతో తోడితే నీటితోపాటు సన్నని మట్టి కూడా గోడల కిందనుంచి కొట్టుకొస్తుంది. అందుకే నీళ్లను అలాగే ఉంచి, డైవరును దించమన్నాడు ఫాక్స్. ఈ కథంతటిలో గొప్ప నిర్ణయం అదే.

1906లో విలియం వాకర్ దిగాడు. ఆరు మీటర్ల వరకూ లోతు. బురదనీటిలో చెయ్యి కూడా కనపడదు. తడుముకుంటూనే పీట్ కోసి పైకి పంపేవాడు. కంకర తగిలాక కాంక్రీటు బస్తాలు పేర్చి, పై బస్తా కింది బస్తాతో అతుక్కునేలా వాటిని కోసేవాడు. అడుగు అలా మూసుకుపోయాకే గోతిలో నీళ్లు తోడేవారు, తాపీ మేస్త్రులు దిగి దిమ్మెలతో, ఇటుకలతో గోడ అడుగు దాకా కట్టేవారు. రోజుకు ఆరు గంటల పని. డైవింగు దుస్తులు విప్పి తొడుక్కోవడం పెద్ద ప్రయాస కాబట్టి భోజనానికి శిరస్త్రాణం మాత్రం తీసేవాడు.

1911లో పని ముగిసేసరికి 25,000 పైచిలుకు బస్తాలు, లక్షకు పైగా కాంక్రీటు దిమ్మెలు, సుమారు 9 లక్షల ఇటుకలు పట్టాయి. వానలు ఎక్కువైతే కెథెడ్రల్ నేలమాళిగలోకి ఇప్పటికీ నీళ్లు వస్తాయి. తూర్పు గోడల బరువు మాత్రం కంకర మీదే ఉంది.

1912 జులై 15న జరిగిన కృతజ్ఞతా ప్రార్థనకు రాజు ఐదవ జార్జి వచ్చాడు. వాకర్‌కు రాయల్ విక్టోరియన్ ఆర్డర్ గౌరవం దక్కింది. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో అతను చనిపోయాడు. 1960లలో అతని పేరిట పెట్టిన విగ్రహానికి పొరపాటున ఫాక్స్ ముఖం చెక్కారు. వాకర్ ముఖంతో కొత్త విగ్రహం 2001లో గానీ రాలేదు.