దాచిన కవిలె, పంచిన నకలు

కంప్యూటరులో మంచి పేజీ కనబడితే మన మనవలు బుక్‌మార్కు అనో, ఫేవరిట్ అనో గుర్తు పెట్టుకుంటారు. పెన్షను జీవోల కోసం మనలోనూ కొందరు అలాగే చేస్తున్నారు. గుమాస్తాగిరీ చేసినవారికి ఇది కొత్త కాదు. పర్సనల్ రిజిస్టరులో ఫైలు నంబరు రాసుకోవడం వంటిదే. నంబరు మన దగ్గర, ఫైలు రికార్డు రూములో. అక్కడ ఫైలు నశిస్తే ఇక్కడి నంబరు ఎందుకూ కొరగాదు. పైగా మన రిజిస్టరు మరొకరు చూడరు. మంచి సంగతిని దాచుకోవాలా, నలుగురికీ పంచాలా? దీనికి మన నెల్లూరు సీమ చరిత్రలోనే జవాబున్నది.

పూర్వం గ్రామ చరిత్ర, మాన్యాలు, సరిహద్దులు కరణాలు కవిలెల్లో రాసి ఉంచేవారు. కరణీకం 1984లో రద్దయింది గాని, తరతరాలుగా ఆ కవిలెలు ఇంటి ఆస్తిగానే తండ్రి నుంచి కొడుకుకు వచ్చాయి. దానశాసనాలైన రాగిరేకులూ అంతే, పెట్టెలోనే ఉండేవి. పత్రం పోతే మాన్యం పోతుందన్న భయం న్యాయమైనదే. కాని చెదలు పట్టినా, ఇల్లు కాలినా ఆ ఊరి కథ అంతటితో సరి.

కల్నల్ కాలిన్ మెకంజీ, కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల వంటి మనవారి సాయంతో ఊరూరి వృత్తాంతాలు సేకరింపజేశాడు. అవే కైఫీయత్తులు. 1821లో ఆయన మరణించాడు. కాలక్రమాన ఆ కాగితాలు శిథిలమవుతుంటే సి.పి. బ్రౌను మళ్లీ నకళ్లు రాయించాడు. నకలుకు నకలు పుట్టబట్టి ఆ కథలు మిగిలాయి.

ఆ తరువాతి మేలు 1905లో జరిగింది. అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి గార్లు నెల్లూరు జిల్లాలోని రాగిరేకుల, శిలల శాసనాలను తాలూకాల వారీగా మూడు సంపుటాలుగా మద్రాసులో అచ్చువేయించారు. నాటి జిల్లాకు చెందిన ఒంగోలు, కందుకూరు ప్రాంతాలవీ అందులో ఉన్నాయి. మన కృష్ణపట్నం రేవుకు ఒకప్పుడు కొల్లిత్తురై అనీ, గండగోపాలపట్టణమనీ పేర్లుండేవని శాసనం వల్ల తెలుస్తున్నది. శాసనపు రాళ్లు గడపలుగానూ, చాకిరేవు బండలుగానూ మారడం మనం ఎరుగనిది కాదు. రాయి పోయినా అచ్చులోని పాఠం పోదు.

ఇంటర్‌నెట్ కథా ఇంతే. 1994లో అమెరికాలో జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో అనే ఇద్దరు విద్యార్థులు తమకు నచ్చిన పేజీల జాబితాను అందరికీ తెరిచారు. అదే యాహూగా పెరిగింది. 2003లో జాషువా షాక్టర్ పెట్టిన డెలిషస్‌లో ఎవరి గుర్తులైనా అందరూ చూడగలిగేవారు. అయితే యాహూ జాబితా 2014లో మూతబడింది. డెలిషస్ 2017లో ఆగిపోయింది. అంటే పంచినా, ఒకే కొట్టులో పెట్టి తాళం చెవి ఒకరికే ఇస్తే చాలదు. చిరునామా మాత్రమే ఇచ్చినా చాలదు. అసలు పేజీకి నకలుండాలి. 1996లో మొదలైన ఇంటర్‌నెట్ ఆర్కైవ్ చేస్తున్నది ఆ పనే. పేజీల నకళ్లు తీసి అందరికీ అందుబాటులో ఉంచుతున్నది.

సోదర పెన్షనర్లకు నా మనవి ఒకటే. పి.పి.ఓ. నంబరు, బ్యాంకు వివరాలు గుట్టుగానే ఉంచండి. కాని ఇంట్లో పాత కవిలెలు, రాగిరేకులు, ఊరి కాగితాలు ఉంటే అసలు మీ దగ్గరే ఉంచుకొని, ఫోటోలు తీయించి నాలుగు చోట్ల ఇవ్వండి. ఉపయోగపడే జీవో దొరికితే పేజీకి గుర్తు పెట్టి ఊరుకోక, దాని ప్రతి తోటివారికి పంపండి. ముఖ్యంగా కుటుంబ పెన్షను తీసుకునే మన ఆడవారికి అది చేరాలి. మన తరువాత మన రిజిస్టరు తెరిచి చూసేవారు ఉంటారో ఉండరో. నలుగురి చేతుల్లో ఉన్న నకలు మాత్రం ఎవరో ఒకరికి అక్కరకు వస్తుంది.