చాంపియన్ రీఫ్స్ ధూళి – శ్వాసలోని సాక్ష్యము

చాంపియన్ రీఫ్స్ గనిలో బంగారము పలుగురాతి పొరలయందు దాగియుండెను. సుమారు 3 కిలోమీటర్ల లోతువఱకు ఆ రాతిని తొలిచిన కూలీలలో తెలుగువారును, తమిళులును పెక్కురు. ఆ రాతిధూళి ఊపిరితిత్తులలో చేరి కలిగించు వ్యాధియే సిలికోసిస్. దానికి పరిహారము నిమిత్తము 1940లో మైసూరు సిలికోసిస్ నిబంధనలు వెలసెను. కోలారు గనులలో పరీక్షింపబడినవారిలో నూటికి 40 మందికి పైగా ఈ వ్యాధి కలదని 1947లో వెల్లడియయ్యెను.

ఈ సంఖ్యను చరిత్రకారుడు ఎట్లు గ్రహింపవలెను? నాటి నిర్ణయమునకు ముఖ్యాధారము ఎక్స్‌రే. అది ఊపిరితిత్తులలో మచ్చలు పడిన పిమ్మటనే వ్యాధిని చూపును. హాని అంతకు ముందే మొదలగును. ధూళిని మ్రింగిన రక్షకకణములు తీవ్రమైన ఆమ్లజని రూపములను విడుచును. నిలువనూనె గాలికి చెడునట్లు, వానిచే కణపొరలలోని క్రొవ్వు చెడును.

1990లో అమెరికాలో మారో, రాబర్ట్స్ మున్నగువారు ఇట్లు చెడిన క్రొవ్వునుండి పుట్టు ఐసోప్రోస్టేనులను మాస్ స్పెక్ట్రోమీటరుతో గుర్తించిరి. ఆ యంత్రము అణువులకు విద్యుదావేశమిచ్చి, బరువునుబట్టి వేఱుపఱచును. 2007లో చెక్ పరిశోధకులు సిలికోసిస్ రోగుల శ్వాసను చల్లార్చి, ఆ నీటిలో ఐసోప్రోస్టేను అధికముగ నుండుట చూపిరి. అప్పటికి మన గనులు మూతపడి ఆఱేండ్లయినది.

పొగత్రాగుటవలనను ఈ పదార్థము పెరుగును గనుక, ఇదియొక్కటే వ్యాధినిర్ణయమునకు చాలదు. అయినను ఇది నేర్పు పాఠమొకటి కలదు: 1947 నాటి లెక్క మచ్చలు పడినవారి లెక్కయే గాని, హాని పొందినవారందఱి లెక్క గాదు. నేటికిని రాతిక్వారీలలో శ్రమించువారి విషయమున, మచ్చకై వేచియుండక, ధూళినే ముందుగ అణచుట మన విధి.