బీర్కూర్‌లో ఒక రాత్రి, నాలుగు ర్యామ్ స్టిక్కులు

రాత్రి తొమ్మిదీ నలభై. తెర మీద కారు మలుపు తిరుగుతూ తిరుగుతూ అక్కడే ఆగిపోయింది. స్పీకర్లలోంచి ఒకటే రొద, సీసాలో ఇరుక్కున్న కందిరీగలా. రెండు సెకన్లకు తెరంతా నీలం.

"మామా, మళ్ల వడ్డది" అన్నాడు అల్లుడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. పన్నెండు రోజుల నుంచి ఇదే వరస.

బీర్కూర్‌లో మా అక్క ఇంటి నడిమింట్లో ఉన్నాం. ఏప్రిల్ చివర, యాసంగి కోతల కాలం. కిటికీ తెరిస్తే వడ్ల దుమ్ము, మూస్తే ఉక్కపోత. మంజీర వైపు నుంచి రావాల్సిన గాలి ఇంకా రాలేదు. బల్ల మీద పక్క పలక తీసేసిన క్యాబినెట్, దాని కడుపులో రంగులు మార్చుకుంటూ వెలుగుతున్న ఫ్యాను. ఈ మెషిన్‌ని వాడే బిగించుకున్నాడు. రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఎనిమిదేసి జీబీల ర్యామ్ స్టిక్కులు రెండు, అన్నీ సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారు సీటీసీకి పోయి కొన్నవే. కిందటి నెల నిజామాబాద్‌లో దోస్తు దగ్గర ఇంకో జత తీసుకుని ఖాళీ స్లాట్లలో పెట్టాడు. మొత్తం ముప్పై రెండు జీబీ.

"ఏం రాసింది తెర మీద?"

"పేజ్ ఫాల్ట్ అని వడ్డది. పొద్దుగాల ఐఆర్‌క్యూఎల్ అన్నది. నిన్న మెమరీ మేనేజ్‌మెంట్."

మూడుసార్లు మూడు పేర్లు. నాకు అనుమానం అక్కడే మొదలైంది. గ్రాఫిక్స్ డ్రైవర్ చెడితే ఎక్కువగా ఒకే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తుంది. ర్యామ్ తడబడితే ఆ తప్పు ఏ ప్రోగ్రాం కాళ్ల కింద పడితే ఆ ప్రోగ్రాం కూలుతుంది, కాబట్టి పేరు మారుతూ ఉంటుంది. విండోస్ రెండుసార్లు మళ్లీ ఎక్కించాడట. రెండోసారి ఎక్కిస్తుండగానే ఫైలు పాడైందంటూ ఆగిపోయిందట. కరెంటు హెచ్చుతగ్గులేమోనని ఇన్వర్టర్ మీద నడిపినా అంతే.

"ముందు డిస్కు వైరు పీకు" అన్నాను.

"ఎందుకు మామా?"

"ర్యామ్ తప్పు జెప్తే డిస్కు గదే రాసుకుంటది. ఇగ ఒక్క ఫైలు గూడ రాయనియ్యద్దు."

వంటింట్లోంచి అక్క తొంగి చూసింది. "తమ్మీ, నాయిన ఫోటోలు అండ్లనే ఉన్నయి. వోవు గదా?"

నేను జవాబు చెప్పలేదు.

మా ఊరి నుంచి పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86+ వేసుకొచ్చాను. ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాం. విండోస్‌తో పని లేకుండా తనే నేరుగా లేచి, ర్యామ్‌లో మూలమూలా ఒక అంకె రాసి, తిరిగి చదివి, రాసిందే వచ్చిందా అని చూస్తుంది. పదీ ఐదుకు మొదలుపెట్టాం. నాలుగు స్టిక్కులు, ర్యామ్‌ను దాని మీద అచ్చయిన వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్, వేగం 3200. నీలి తెర మీద తెల్ల అంకెలు పాకుతున్నాయి. వేడెక్కిన సర్క్యూట్ వాసన, మూలన టేబుల్ ఫ్యాన్ మెడ తిప్పుతున్న కిరకిర. ఇరవై రెండో నిమిషంలో ఎర్ర గీత ఒకటి పడింది. దాని కింద ఇంకొకటి.

"ఇగో, సూడు" అని వేలు పెట్టి చూపించాను. పదహారు ఎఫ్‌లు ఉండాల్సిన చోట పదిహేను ఎఫ్‌లు, మధ్యలో ఒక డీ. ఎఫ్ అంటే నాలుగు ఒకట్లు. డీ అంటే అందులో ఒకటి సున్నా. అరవై నాలుగు బిట్లలో ఒకే ఒక్క బిట్ తిరగబడింది. దానికే కారు మలుపులో ఆగిపోయింది.

బ్యాంకులు, పెద్ద ఆఫీసుల సర్వర్లలో ఇలాంటి ఒంటి బిట్ తప్పును పట్టి దిద్దే ర్యామ్ ఉంటుంది. ప్రతి అరవై నాలుగు బిట్లకూ ఎనిమిది కాపలా బిట్లు అదనం. మన ఇళ్లలో వాడే స్టిక్కుల్లో ఆ కాపలా ఉండదు. వచ్చిన తప్పు వచ్చినట్టే లోపలికి పోతుంది.

వాడు తెరకేసి చూస్తూ, "గింత సిన్నది ఎట్ల తప్పుతది మామా?" అన్నాడు. బీర్కూర్ పిల్లవాడికి ఇది చెప్పడం తేలిక. నిజాంసాగర్ నీళ్లు పారే మళ్ల మధ్య పుట్టాడు. ఎనిమిది జీబీ స్టిక్కు అంటే ఆరు వేల ఎనిమిది వందల డెబ్బై కోట్లకు పైగా బుల్లి మళ్లు. ఒక్కోదానికి ఒక తూము, అదే ట్రాన్సిస్టర్. లోపల కాస్త విద్యుత్తు, అదే నీరు. నీరుంటే ఒకటి, లేకుంటే సున్నా. 1966లో ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్‌కు తట్టిన ఆలోచన ఇది, 1968లో పేటెంట్ వచ్చింది. 1970లో ఇంటెల్ అమ్మిన 1103 చిప్‌లో ఉన్నవి 1024 మళ్లే. అప్పుడూ ఇప్పుడూ చిక్కు ఒకటే, ఈ మళ్లలో నీరు నిలవదు, ఇంకిపోతుంది. అందుకే ప్రతి 64 మిల్లీసెకన్లలోపు అన్ని వరసలనూ చదివి మళ్లీ నింపుతుంటారు. చిప్పు 85 డిగ్రీలు దాటితే ఇంకడం ఎక్కువవుతుంది, అప్పుడు 32 మిల్లీసెకన్లకే నింపాలి. పక్క మడికి ఊట కూడా ఉంటుంది. ఒకే వరసను పదే పదే తెరిచి మూస్తే పక్క వరసలో బిట్లు తిరగబడతాయని కార్నెగీ మెలన్, ఇంటెల్ పరిశోధకులు 2014లో చూపించారు.

"అయితే ఒక స్టిక్కు ఖరాబైనట్టే. దోస్తుదే అయి ఉంటది" అన్నాడు వాడు, అప్పుడే ఫోన్ తీస్తూ.

ఆపాను. ఎక్కువ మంది తొందరపడేది ఈ మలుపులోనే. మంచి స్టిక్కును వాపసు ఇచ్చేస్తారు, జబ్బు ఇంట్లోనే ఉండిపోతుంది.

ప్లగ్గు పీకించాను. పవర్ బటన్ నొక్కి మిగిలిన కరెంటు ఖాళీ చేయించాను. క్యాబినెట్ ఇనుమును తాకి, నాలుగు స్టిక్కులూ తీశాం. బంగారు పూత పళ్ల మధ్య సన్నటి వడ్ల దుమ్ము. పెన్సిల్ రబ్బరుతో రుద్దడం అందరికీ అలవాటు. నాకు నచ్చదు, పూత అరుగుతుంది, పొట్టు స్లాట్‌లో చేరుతుంది. మెత్తటి గుడ్డను ఐసోప్రొపైల్ స్పిరిట్‌తో తడిపి తుడిచాం. స్టిక్కులకు కాగితం ముక్కలతో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని గుర్తులు అంటించాం.

మొదటి స్టిక్కు ఒక్కటే, ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో. వేగం అదే 3200. ఈ మెషిన్ మీద ఒక్కో చుట్టుకు అరగంట చిల్లర. ఎర్ర గీత లేదు, పచ్చగా పెద్ద అక్షరాల్లో పాస్. రెండోది పాస్. మూడోది నడుస్తుండగా పన్నెండున్నరకు కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకునే లోపే మెషిన్ ఆగింది. చీకట్లో దూరంగా హార్వెస్టర్ మోత స్పష్టంగా వినపడుతోంది, ఎవరో రాత్రి పూటే పొలం ముగిస్తున్నారు. కరెంటు వచ్చాక మూడోది మొదటి నుంచి పెట్టాం. పాస్. నాలుగోదీ పాస్.

వాడు నా ముఖం చూశాడు. "నాలుగు మంచియే. మరి తప్పెక్కడ?"

జతలు పెట్టాం. సీటీసీ జత రెండో, నాలుగో స్లాట్లలో, పాస్. దోస్తు జత మిగిలిన రెండింట్లో, అదీ పాస్. స్టిక్కులు మంచివి, స్లాట్లు మంచివి. నాలుగూ కలిపి 3200 దగ్గర నిలబెట్టడమే తప్పు. 3200 అంటే ఒక్కో తీగ మీద సెకనుకు 320 కోట్ల సంకేతాలు. ఎక్స్‌ఎంపీ పెడితే 1.2 వోల్టుల స్టిక్కు సాధారణంగా 1.35 వోల్టులతో ఆ వేగం అందుకుంటుంది. కానీ ఆ తీగల అవతలి కొస ప్రాసెసర్‌లో ఉంది. ప్రాసెసర్‌ను ర్యామ్‌తో కలిపే ఒక్కో దారికి, అంటే ఛానెల్‌కు, రెండేసి స్టిక్కులు వేలాడితే సంకేతం ఆకారం చెదిరి, ఒకటో సున్నానో తేల్చుకునే వ్యవధి చాలదు. ఈ తరం రైజెన్‌లకు ఏఎండీ రాసిన లెక్కే చూడండి. రెండు స్టిక్కులైతే 3200, సింగిల్ ర్యాంక్‌వి (చిప్పులు ఒకే గుంపుగా ఉన్నవి) నాలుగైతే 2933, డ్యూయల్ ర్యాంక్‌వి (రెండు గుంపులుగా ఉన్నవి) నాలుగైతే 2667. స్టిక్కు మీద అచ్చయిన 3200 ఆ స్టిక్కు శక్తి మాత్రమే. రెండు వేర్వేరు జతల మధ్య కాలాల లెక్క కుదురుతుందన్న హామీ కూడా ఎవరూ ఇవ్వరు.

మూడున్నరకు బయోస్‌లోకి వెళ్లి నాలుగింటికీ 2933 పెట్టాం. వాడు కుర్చీలోనే నిద్రపోయాడు. అక్క చాయ్ తెచ్చి, ఏమీ అడగకుండా నా పక్కన మంచం మీద కూర్చుంది. ఐదూ నలభైకి మొదటి చుట్టు పూర్తయింది. తప్పులు సున్నా.  తర్వాత మెషిన్‌ని ఇన్వర్టర్‌కు బదులు చిన్న యూపీఎస్‌కు కలిపి, సాయంత్రం దాకా నాలుగు చుట్లు తిప్పాం. తప్పులు సున్నా.

అప్పుడు డిస్కు వైరు పెట్టించాను. విండోస్‌ని మళ్లీ శుభ్రంగా ఎక్కించాం, ఫోటోలున్న భాగం ముట్టకుండా. ఆట అర్ధరాత్రి దాకా ఆడినా ఆగలేదు.

ఫోటోల ఫోల్డర్ తెరిచింది అక్కే. కొత్త జత పెట్టిన వారంలోనే అల్లుడు పాత ల్యాప్‌టాప్ నుంచి వాటిని ఇందులోకి ఎక్కించి, ల్యాప్‌టాప్‌ను ఫార్మాట్ చేసి చుట్టాలకు ఇచ్చేశాడు. చాలా వరకు బాగానే ఉన్నాయి. పదకొండు తెరుచుకోలేదు, లేదా సగం దాకా వచ్చి కింద బూడిద రంగుగా ఆగిపోయాయి. వాటిలో ఒకటి గట్టు మీద నిలబడిన నాయిన. తలపాగా, ముఖం, భుజం మీద తువ్వాలు కనపడుతున్నాయి. చేతుల కింద నుంచి బూడిదే. అక్క ఆ సగం ఫోటోనే తన ఫోన్‌లోకి పంపించుకుంది.

కొత్త మెషిన్ బిగించినా, పాత దానికి ర్యామ్ కలిపినా, ఆ రాత్రి మెమ్‌టెస్ట్ పెట్టి పడుకోండి. పొద్దున పచ్చగా పాస్ అని చూశాకే మీ ఫోటోలు అందులోకి ఎక్కించండి. ఎక్కించాక కూడా పాత కాపీని చెరపకండి.