గాయమే సాక్ష్యమైన కాలం

1981 ఏప్రిల్ 20, సోమవారం. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో అంగడి రోజు. భూములకు పట్టాలు ఇవ్వాలని, షావుకార్ల దోపిడీ ఆగాలని గిరిజన రైతుకూలీ సంఘం అదే రోజు సభ పెట్టుకుంది. ముందు సరేనన్న అధికారులు తర్వాత కాదన్నారు, 144 సెక్షన్ పెట్టారు. ఆ కబురు అడవి లోపలి గూడేలన్నిటికీ ఎలా చేరుతుంది? తరలివచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అని సర్కారు చెప్పింది. అరవైకి పైనే అని పౌరహక్కుల సంఘాలు అన్నాయి.

ఈ రెండు అంకెల మీద నలభై ఏళ్లుగా వాదన నడుస్తోంది. ఆ తేడాలో కొంత భాగం దవాఖాన గడప తొక్కని గాయాలదని నేననుకుంటాను. తూటా తగిలినవాళ్లు చాలామంది అడవిలోకి పరుగు తీశారు. దవాఖానకు పోతే ఆ గాయమే సాక్ష్యం చెబుతుంది: నువ్వు సభకు వచ్చావు, కేసులో ముద్దాయివి అని. పసరు కట్టుకుని గూడెంలోనే పడి ఉంటే బతికితే బతుకుతారు. చస్తే ఏ రిజిస్టరులోనూ పేరుండదు.

తూటా గాయంతో ఎవరొచ్చినా మెడికో లీగల్ కేసుగా రాసి పోలీసులకు కబురు పెట్టడం మన దవాఖానల్లో పాత పద్ధతే. మామూలు రోజుల్లో అది మంచి పద్ధతి. దొర మనుషులు చేసిన దాడి కాగితం మీదికి ఎక్కేది దానివల్లే. దొరలకు ఎదురుగా రైతుకూలీలు సాగించిన జగిత్యాల జైత్రయాత్ర జరిగిన 1978లోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1980లో నక్సలైట్ల పార్టీ పీపుల్స్ వార్ పుట్టింది. 1985లో ఉగ్రవాద నిరోధక చట్టం టాడా వచ్చింది. ఊళ్లకు ఊళ్లే అనుమానితులైనప్పుడు అదే పద్ధతి రోగిని వాకిట్లోనే నిలిపేసింది. దానికితోడు ఆశ్రయం ఇవ్వడం నేరం. శిక్షాస్మృతిలో ఆశ్రయం అంటే నీడ ఒక్కటే కాదు. పట్టుబడకుండా తప్పించేందుకు ఇచ్చే తిండి, నీళ్లు, బట్ట, బండి, ఇంకే సాయమైనా అందులోకే వస్తుంది. మరి ఒక సూది వేస్తే? దానికి జవాబు చట్టం పుస్తకంలో కాక పోలీసు స్టేషన్‌లో దొరికేది.

ఆ జవాబు ఎక్కువగా విన్నది ఆరెంపీలు, అంటే డాక్టరు డిగ్రీ లేని పల్లె వైద్యులు. మంథని, మహదేవ్‌పూర్, తిర్యాణి వైపు పల్లెల్లో జనానికి డాక్టరంటే సైకిల్‌కు సంచీ తగిలించుకుని తిరిగే ఆరెంపీయే. రాత్రి నక్సలైట్ల దళం తలుపు కొడితే రానని అనలేడు. తెల్లారి పోలీసులు వచ్చి ఎవరికి కట్టు కట్టావంటే నోరు మూసుకుని ఉండలేడు. నోరు తెరిస్తే ఇన్‌ఫార్మరు. ఆ ముద్ర పడ్డవాడికి అడవిలో ఏ శిక్ష పడేదో తెలంగాణ పల్లెలకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

చదువుకున్న డాక్టర్లకైనా ధీమా ఉందా అంటే వరంగల్ సంగతి చెప్పుకోవాలి. డాక్టర్ ఎ. రామనాథం అక్కడ పేరున్న పిల్లల డాక్టరు, పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడు. 1985 సెప్టెంబరు 2న కాజీపేటలో సబ్‌ఇన్‌స్పెక్టర్ యాదగిరిరెడ్డిని నక్సలైట్లు చంపారు. మరునాడు ఆ ఎస్సై అంతిమయాత్ర సాగుతున్న వేళ, రామనాథాన్ని ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. యూనిఫాం వేసుకోని పోలీసులే ఆ పని చేశారని పౌరహక్కుల సంఘం అంటూ వచ్చింది. ఆయన ప్రాణం తీసింది వైద్యం కాదు, హక్కుల గురించి మాట్లాడిన నోరు. అయినా పిల్లలకు మందు రాసే గదిలోనే డాక్టరుకు రక్షణ లేదన్న కబురు ఉత్తర తెలంగాణలో ఎంతమంది వైద్యుల చెవిన పడి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇక జ్వరాలు. ఆదిలాబాద్ ఏజెన్సీలో వానాకాలం వచ్చిందంటే మలేరియా. అందులో ఫాల్సిపారం రకం మెదడుకెక్కితే రోజుల్లో మనిషిని తీసుకుపోతుంది. దాన్ని ఆపడానికి పెద్ద దవాఖాన అక్కర్లేదు. ఆరోగ్య కార్యకర్త గూడేనికి పోయి వేలి నుంచి రక్తపు చుక్క తీయాలి, ఆ గాజుపలక ల్యాబుకు చేరాలి, ఫలితం తిరిగి రావాలి, మాత్ర అందాలి. ఇదంతా దారి మీద ఆధారపడ్డ పని. ఆ దారిలోనే మందుపాతరలు పెట్టారు, కల్వర్టులు పేల్చారు, ఆర్టీసీ బస్సులు తగలబెట్టారు. జనం కోసమే పోరాడుతున్నామన్న దళాలు ఈ లెక్క ఎప్పుడైనా వేసుకున్నాయా? ఇటు సర్కారూ తక్కువ తినలేదు. ఆదిలాబాద్‌కు బదిలీ అంటే శిక్షగా చూడటం నక్సలైట్ల కంటే పాత అలవాటు. ఖాళీ పోస్టులకు ‘అన్నల భయం’ మంచి సాకైంది.

పేలుడులో కాళ్లు పోయిన కానిస్టేబుల్‌కూ ఈ కరువు తప్పలేదు. ఆ కాలంలో ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల్లో ఒక్క మెడికల్ కాలేజీ లేదు. పెద్ద గాయమైతే వరంగల్ ఎంజీఎం దవాఖానకో, హైదరాబాద్‌కో పోవాలి. 108 అంబులెన్స్ 2005లోగానీ రాలేదు. ఆదిలాబాద్ రిమ్స్ మెడికల్ కాలేజీ 2008లో మొదలైంది.

ఇక చట్టం సంగతి. 1989లో సుప్రీంకోర్టు పరమానంద్ కటారా కేసులో ముందు ప్రాణం కాపాడండి, కేసు సంగతి తర్వాత అని సర్కారు డాక్టర్లకూ ప్రైవేటు డాక్టర్లకూ తేల్చి చెప్పింది. రోగి ఎవరైనా సరే, నీతి తప్పకుండా వైద్యం చేసినవాణ్ని శిక్షించకూడదని దేశాల లోపలి యుద్ధాల గురించి 1977లో రాసుకున్న జెనీవా రెండో ప్రొటోకాల్ అంటుంది. అందులో భారత్ చేరలేదు. మన దగ్గర జరిగింది యుద్ధం కాదు, శాంతిభద్రతల సమస్య అన్నది ఢిల్లీ మాట. పోరు గోదావరి దాటి బస్తర్‌కు మళ్లాక, 2007లో ఛత్తీస్‌గఢ్ పోలీసులు డాక్టర్ బినాయక్ సేన్‌ను అరెస్టు చేశారు. జైల్లో ఉన్న మావోయిస్టు నేతను ఆయన పదేపదే కలవడమే ఆ కేసుకు మూలం. వైద్యం కోసమే కలిశానని ఆయన చెప్పుకున్నారు.

జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో సర్కారు మెడికల్ కాలేజీలు తెరిచారు. 1978లో కల్లోలితమని ముద్ర వేసింది ఈ రెండు తాలూకాలకే. తూటా గాయానికి ధ్రువపత్రం ఎలా రాయాలో అక్కడ చదివే పిల్లలకు ఫోరెన్సిక్ క్లాసులో నేర్పుతారు. ఉగ్రవాదికి ఆశ్రయమిస్తే శిక్ష వేసే ఉపా (యూఏపీఏ) చట్టం 19వ సెక్షన్ కూడా ఒక పాఠంగా చెబితే మంచిది. అందులో మినహాయింపు ఒక్కరికే ఉంది: నిందితుడి భార్యకు, నిందితురాలైతే భర్తకు. డాక్టరు ప్రస్తావన లేదు.